పాత సామానులోని తెలియని భాగములు: వాని గుర్తింపు, పరీక్ష
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పాత సామాను కొనువాని బండి వీథిలోనికి వచ్చినప్పుడు ఇంటివారు దానిలో వేయు వస్తువులు నేడు మారినవి. ఒకప్పుడు సొట్టపడిన ఇత్తడి చెంబులు, ఇనుప ముక్కలు, చిరిగిన పుస్తకములు తూకమునకు పోవుచుండెడివి. నేడు వెలుగని దీపములు, పలుకని రేడియోలు, బొమ్మ కనబడని టెలివిజన్లు, ఛార్జర్లు, ఇన్వర్టరు బోర్డులు, కంప్యూటరునకు విద్యుత్తు నందించు ఇనుప పెట్టెలు పోవుచున్నవి. వీనిని కిలోల లెక్కన కొందురు. కాని చెడిన యంత్రములో చెడినవి తరచుగా ఒకటి రెండు భాగములే. తక్కినవి చాలవరకు ఆరోగ్యముగానే ఉండును. శవమును దహనము చేయుచు దానితోపాటు బ్రతికియున్నవారిని కూడ చితిపై పెట్టినట్లు ఆ బోర్డులన్నియు ఒకే కుప్పలో కాలిపోవుచున్నవి.

గ్రామమున రేడియోలు, మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేయు పనివానికి ఈ కుప్పయే అంగడి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకో, చెన్నపట్టణపు రిచీ వీథికో పోయినచో కావలసిన భాగము దొరకును. కాని ఆ భాగము వెలకంటె బస్సు ఛార్జీ పలు రెట్లు. అందుచేత వాడు పాత బోర్డులనుండి భాగములు ఊడదీసి డబ్బాలలో దాచుకొనును. ఆరు మాసములైన తరువాత డబ్బా మూత తీసినచో లోపల నున్నది ఏమి? మూడు కాళ్ళ నల్లని పురుగులు, రంగు చారల గొట్టములు, సగము చెరిగిన అంకెలు. వీనిలో నేది యేది? ఏది మంచిది? ఏది మంచిదివలె నటించుచున్నది? ఈ ప్రశ్నలకు తప్పు సమాధానము చెప్పుకొన్నవాడు ఇతరుల ఇంటిలోని యంత్రమునకు నిప్పు పెట్టగలడు. నేటి ప్రసంగ విషయము ఇదియే.

కంసాలి బంగారమును పేరు విని కొనడు, గీటురాయిపై గీచి చూచును. భాగముపై ముద్రించిన పేరు సాక్షి చెప్పిన మాట వంటిది. మీటరు చూపిన అంకె గీటువంటిది. ఐనను గీటురాయికి కూడ ఒక హద్దు కలదు: పైపూత క్రింద నేమున్నదో అది చెప్పదు. పేరును ఎంతవరకు నమ్మవలెను, పరీక్షను ఎంతవరకు నమ్మవలెను అను రెండు హద్దులను తెలిసికొనుటయే ఈ విద్యలోని సారము.

పరీక్షకు ముందు ప్రాణరక్షణ. ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. కంప్యూటరు పవరు సప్లైలోను, ఛార్జర్లలోను ఆ విద్యుత్తును ముందుగా ఏకముఖముగా మార్చి ఒక పెద్ద కెపాసిటరులో నింపుదురు. దాని వోల్టేజి 230 కాదు, సుమారు 325. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ ఆ నింపుడు అందులో నిలిచి యుండవచ్చును. 220 మైక్రోఫారడుల కెపాసిటరులో 325 వోల్టుల వద్ద దాదాపు 12 జూళ్ళ శక్తి యుండును. చేతిని విసరికొట్టుటకు, గుండెను కలచుటకు అది చాలును. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్ళను కలిపి టప్పుమనిపించు అలవాటు పనివారిలో కలదు. అది వీరత్వము కాదు. నిప్పురవ్వ కంటికి తగులవచ్చును, కెపాసిటరు కూడ పాడగును. 2,200 ఓముల, 5 వాట్ల తీగచుట్టు రెసిస్టరునకు తొడుగు గల తీగలు టంకము పెట్టి, దానిని ఐదారు సెకండ్లు ఆ కాళ్ళకు తాకించి, పిమ్మట మీటరుతో వోల్టేజి చూడవలెను. కొన్ని పెద్ద కెపాసిటరులు ఖాళీ చేసిన తరువాత కూడ కొంత వోల్టేజిని తమంతట తామే తిరిగి తెచ్చుకొనును. కావున రెండవసారి కూడ చూడవలెను.

పాత గాజుబుడ్డి టెలివిజన్లను, మైక్రోవేవు పొయ్యిలను అనుభవము లేనివారు విప్పనే రాదు. మొదటిదాని గాజుబుడ్డిలో వేల వోల్టుల నింపుడు నిలిచి యుండును. రెండవదానిలోని కెపాసిటరు సుమారు 2,000 వోల్టులతో పనిచేయును. శిక్షణ గల పనివారు సైతము దానివలన చనిపోయిరి.

ఇక ఊడదీయుట. పాత బోర్డులపై నున్న టంకము తగరము, సీసముల మిశ్రమము. 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము గలది 183 డిగ్రీల వద్ద కరగును. 2006 తరువాత ఐరోపా నిబంధనలవలన వ్యాపించిన సీసము లేని టంకము కరగుటకు 217 డిగ్రీల ప్రాంతము కావలెను. అట్టిదానికి కొద్దిగా పాత టంకమును చేర్చినచో సులభముగా ఊడివచ్చును. పని ముగిసిన తరువాత చేతులు కడుగుకొననిదే అన్నము ముట్టరాదు. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

కాని ఊడదీయుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. తొందరపాటువారు దానినే విడిచిపెట్టుదురు. మనుష్యుని ఊరు, ఇంటిపేరు తెలిసినచో సగము పరిచయమైనట్లే, భాగము బోర్డుపై ఎచ్చట నున్నదో చూచినచో సగము గుర్తింపు ఐనట్లే. బోర్డుపై తెల్లని అక్షరములుండును: ఆర్ అనిన రెసిస్టరు, సి అనిన కెపాసిటరు, డి అనిన డయోడు, జెడ్ డి అనిన జీనరు, క్యూ అనిన ట్రాన్సిస్టరు, ఎల్ అనిన చుట్ట, యు లేక ఐ.సి. అనిన సంయుక్త భాగము, ఎఫ్ అనిన ఫ్యూజు. పవరు సప్లైలో రెండు దిక్కులను వెలుతురుతో కలుపు నాలుగు కాళ్ళ చిన్న పెట్టె, అనగా ఆప్టోకప్లరు, ఉండును. దాని ప్రక్కన ట్రాన్సిస్టరువలె కనబడు మూడు కాళ్ళ భాగము చాలసార్లు ట్రాన్సిస్టరు కాదు, అది టి.ఎల్. 431 అను వోల్టేజి నియామకము. బోర్డుపై నున్నప్పుడు ఈ సంగతి ఒక చూపున తెలియును. డబ్బాలో పడిన తరువాత గంటసేపు మీటరు పట్టుకొన్నను తెలియక పోవచ్చును. కావున ఊడదీసిన ప్రతి గుంపును ఒక పొట్లములో వేసి, అది ఏ యంత్రమునుండి వచ్చినదో, ఆ యంత్రము ఎట్లు చెడినదో పైన వ్రాయవలెను. పిడుగుపాటుకు గురియైన యంత్రమునుండి తీసిన భాగములను నమ్ముట కష్టము. తెర పగిలినందున పారవేసిన యంత్రపు భాగములు నమ్మదగినవి.

పేర్ల సంగతి వినోదముగా ఉండును. జపాను పద్ధతిలో 2 ఎస్ ఎ, 2 ఎస్ బి అనునవి పి.ఎన్.పి. జాతి, 2 ఎస్ సి, 2 ఎస్ డి అనునవి ఎన్.పి.ఎన్. జాతి. కాని భాగముపై చోటు చాలనందున 2 ఎస్ అను ముందుమాటను విడిచి సి 945, ఎ 1015, డి 882 అని మాత్రమే ముద్రింతురు. ఐరోపా పద్ధతిలో మొదటి అక్షరము మూలపదార్థమును చెప్పును: ఎ అనిన జెర్మేనియము, బి అనిన సిలికాను. రెండవ అక్షరము పనిని చెప్పును: సి అనిన చిన్న శక్తి ధ్వని పనులకు, డి అనిన పెద్ద శక్తికి, ఎఫ్ అనిన రేడియో తరంగములకు, వై అనిన రెక్టిఫయరు, జెడ్ అనిన జీనరు. 1954లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థ ఈ పద్ధతి పేర్లతోనే ఎ.సి. 128, బి.సి. 148 వంటివి తయారుచేసెను. పాత దేశీయ ట్రాన్సిస్టరు రేడియోలలో అవి నేటికిని కనబడును. పేరును చదువగనే ఎ.సి. 128 జెర్మేనియముదనియు, బి.సి. 148 సిలికానుదనియు తెలియును. అమెరికా పద్ధతిలో 1 ఎన్ అనిన డయోడు, 2 ఎన్ అనిన ట్రాన్సిస్టరు; అటుపై అంకె వరుస సంఖ్య మాత్రమే, దానియందు అర్థమును వెదకరాదు.

అంకెలలో ఒక ఉచ్చు కలదు. నాలుగంకెల సంఖ్య చాలసార్లు తయారైన కాలమును చెప్పును: 8734 అనిన 1987వ సంవత్సరము, 34వ వారము. ఐతే 7805 అని ముద్రించినది 1978వ సంవత్సరపు ఐదవ వారము కాదు. అది ఐదు వోల్టుల నియామకము పేరు. రెండింటిని కలగలుపుకొన్నవారు ఎందఱో.

పేరు సరిగా దొరకినను కాళ్ళ క్రమము వేరు. భాగపు చదును ముఖమును తనవైపు త్రిప్పి, కాళ్ళు క్రిందికి పెట్టి, ఎడమనుండి చదివినచో బి.సి. 547 క్రమము కలెక్టరు, బేసు, ఎమిటరు. 2 ఎన్ 3904 క్రమము దానికి తలక్రిందు: ఎమిటరు, బేసు, కలెక్టరు. సి 945లో బేసు కుడి చివర నుండును. మూడును ఒకే రూపము, ఒకే పరిమాణము, మూడును ఎన్.పి.ఎన్. జాతియే. వెలుగని సి.ఎఫ్.ఎల్. దీపపు అడుగున దొరకు 13001 విషయములో ఇంకను చిక్కు: ఒకే సంఖ్య గలదానికి తయారీదారునిబట్టి కాళ్ళ క్రమము మారును. లోహపు వీపు గల పెద్దవానిలోను ఇట్లే. 7805 యొక్క లోహపు వీపు భూమికి కలిసియుండును, ఎల్.ఎం. 317 వీపు ఔట్‌పుటునకు, 7905 వీపు ఇన్‌పుటునకు. వీనిని ఒకే లోహపు రేకునకు మధ్య తొడుగు లేక బిగించినవాడు ఫ్యూజు విలువను ఆనాడే నేర్చుకొనును.

ఇక పరీక్షకు వత్తము. అన్నిటికంటె సులభమైనది రెసిస్టరు. నలుపు 0, గోధుమ 1, ఎఱుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలము 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. చివరి బంగారు చార ఐదు శాతము తేడాను, వెండి చార పది శాతమును సూచించును. వేడికి మాడిన చారలలో ఎఱుపు గోధుమవలెను, నారింజ ఎఱుపువలెను కనబడును. అందుచేత చారలు చదివి ఊరుకొనరాదు, కొలువవలెను. కొలుచునప్పుడు ఒక కాలైనను బోర్డునుండి విడివడి యుండవలెను. పాత రేడియోలలోని కర్బన మిశ్రమపు రెసిస్టర్లు ఏండ్లు గడచిన కొలది విలువ పెంచుకొనుచుండును. చారలు మాత్రము పాత విలువనే చెప్పుచుండును.

కెపాసిటరులలో చిన్నవానిపై మూడంకెలుండును. 104 అనిన పది ప్రక్కన నాలుగు సున్నలు, అనగా 1,00,000 పికోఫారడులు, అదియే 0.1 మైక్రోఫారడు. ప్రక్కన జె అనిన ఐదు శాతము, కె అనిన పది శాతము తేడా. ముందు 2 ఎ అనిన 100 వోల్టులు, 2 జి అనిన 400 వోల్టులు, 2 జె అనిన 630 వోల్టులు. వోల్టేజి గుర్తు లేనిదానిని చిన్న వోల్టేజిదిగానే భావింపవలెను. విలువను మీటరు చెప్పును. వోల్టేజి ఓర్పును చెప్పు మీటరు ఇంటిలో ఉండదు.

డబ్బావలె నుండు ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరులు ఈ కుటుంబములో మోసగాండ్రు. పైకప్పు ఉబ్బినదానిని, అడుగున తడియైనదానిని పారవేయవలెను. 1999 ప్రాంతమునుండి 2007 ప్రాంతము వరకు ప్రపంచమున లోపము గల ద్రవముతో తయారైన ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరులు లెక్కకు మించి కంప్యూటరు బోర్డులలో చేరి, ఏడాది రెండేండ్లలోనే ఉబ్బి పగిలినవి. ఆ కాలపు బోర్డులనుండి ఎలెక్ట్రోలిటిక్కులను తీయకుండుటయే మేలు. ఉబ్బనిది మంచిదను హామీ లేదు. 1,000 మైక్రోఫారడులది విలువ సరిగానే చూపును. కాని లోపలి ద్రవము ఎండి, ఓములో పదవ వంతుకు లోపుగా నుండవలసిన దాని అంతర్నిరోధము పలు ఓములకు పెరిగి యుండును. సాధారణ మీటరు దీనిని పట్టజాలదు, ఇ.ఎస్.ఆర్. మీటరు కావలెను. ఏండ్ల తరబడి ఊరకుండిన కెపాసిటరులో లోపలి ఆక్సైడు పొర పలుచబడును. దానికి పూర్తి వోల్టేజిని ఒక్కసారి ఈయక, పెద్ద రెసిస్టరు ద్వారా మెల్లమెల్లగా ఎక్కింపవలెను. పథ్యము చేసి లేచినవానికి మొదటి దినముననే విందు పెట్టరు గదా!

డయోడును మీటరు యొక్క డయోడు గుర్తుపై పెట్టి చూచినప్పుడు సిలికానుది 0.5 నుండి 0.7 వోల్టుల వరకు, జెర్మేనియముది 0.2, 0.3 ప్రాంతమునను, షాట్కీది దాదాపు అంతే తక్కువగాను చూపును, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. 1.7 ప్రాంతమున చూపుచు మిణుకుమనును. రెండువైపులను అంకె వచ్చినది కాలిపోయినది, ఏవైపును రానిది తెగినది. ఒక కష్టము మాత్రము గలదు. గాజు గొట్టములోని సాధారణ డయోడు 1 ఎన్ 4148, జీనరు డయోడు చూచుటకు కవలపిల్లలు. మీటరుపై కూడ రెండును ఒకే అంకె చూపును. విడదీయు ఉపాయమిది: తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడింటిని వరుసగా కలిపినచో 27 వోల్టులు. నడుమ 4,700 ఓముల రెసిస్టరు నుంచి, డయోడు చార గల కొనను ధనవైపు పెట్టి, డయోడు రెండు కొనల నడుమ వోల్టేజి చూడవలెను. 5.1 అనియో 12 అనియో నిలిచినచో అది ఆ వోల్టేజి జీనరు. 27 దాక పోయినచో సాధారణ డయోడు, లేక ఇంకను పెద్ద జీనరు.

ట్రాన్సిస్టరు కథ కొంత దీర్ఘము. మూడు కాళ్ళలో రెండేసి చొప్పున, రెండు దిక్కులను కొలిచినచో ఆరు కొలతలు. మంచి సాధారణ ట్రాన్సిస్టరు ఆరింటిలో రెండింటియందే అంకె చూపును. ఆ రెండింటియందును ఉమ్మడిగా నున్న కాలు బేసు. ఆ బేసుపై మీటరు ధనతీగ యున్నచో ఎన్.పి.ఎన్., ఋణతీగ యున్నచో పి.ఎన్.పి. రెండంకెలలో కొంచెము పెద్దది ఎమిటరు వైపుది; తేడా వోల్టులో వేయవ వంతులలో నుండును, ఐనను నిలుకడగా నుండును. ఇచ్చట పాత ముల్లు మీటరు వాడువారికి ఒక హెచ్చరిక. అంకెలు చూపు డిజిటల్ మీటరులో ఓముల కొలతలో ఎఱ్ఱతీగ ధనము. ముల్లు మీటరులలో చాలవానియందు లోపలి బ్యాటరీ కలిపిన తీరువలన ఓముల కొలతలో నల్లతీగయే ధనము. ఇది తెలియనివాడు తన డబ్బాలోని ఎన్.పి.ఎన్. లన్నిటికి పి.ఎన్.పి. అని చీటీ అంటించును. పేరు తెలిసిన మంచి డయోడు నొకదానిని ముందుగా కొలిచి, మీటరు స్వభావమును నిర్ణయించుకొనవలెను.

ఆరు కొలతలలో రెండే అంకెలు రావలెనను సూత్రమును గుడ్డిగా పట్టుకొన్నవాడు మంచి భాగములను కూడ పారవేయును. రంగుల టెలివిజన్లలో తెరను నడుపు పెద్ద ట్రాన్సిస్టరులు బి.యు. 508 డి, డి 1555 అనునవి కలవు. వీని కడుపులో బేసునకును ఎమిటరునకును నడుమ కొద్ది ఓముల రెసిస్టరు, కలెక్టరునకును ఎమిటరునకును నడుమ డయోడు తయారీలోనే చేర్చబడి యుండును. మీటరు తాకించినచో బేసు, ఎమిటరు కలిసిపోయి కాలినట్లు కనబడును. కాలలేదు, అది దాని పుట్టుక. డార్లింగ్టను జాతిలో బేసు, ఎమిటరుల నడుమ ఒక వోల్టునకు పైగా చూపవచ్చును. రెండు ట్రాన్సిస్టరులు ఒకే పొట్టలో నుండుటయే కారణము. వ్యాధి యేది, జాతిస్వభావ మేది అని తెలిసికొనుటకు తయారీదారుల వివరణ పత్రములు, అనగా డేటాషీట్లు చూడక తప్పదు. ఒకప్పుడు ఇవి లావైన పుస్తకములుగా వచ్చుచుండెను. నేడు చేతిలోని ఫోనులో దొరకుచున్నవి. కాని వాడుక మాసిన పాత భాగముల సంగతి ఆ పాత పుస్తకములలోనే వెదకవలసి వచ్చును. 1967లో స్థాపింపబడిన హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. సంస్థ ఈ.సి. పేరుతో అమ్మిన టెలివిజన్లవంటి పాత యంత్రములను విప్పినప్పుడు వీని యక్కర తెలియును. గ్రంథాలయపు అటకపై అట్టి పుస్తకమున్నచో దానిని తూకమునకు వేయకుండుట మంచిది.

జెర్మేనియము ట్రాన్సిస్టరు చేతివేడికే కొంత కారుచుండును. ఆరు కొలతలలో చిన్న చిన్న అంకెలు అనవసరమైన చోట్ల కూడ వచ్చును. దానిని చూచి కాలినదని నిర్ణయింపరాదు. గిటారు ధ్వనిని గరుకుగా మార్చు పరికరములు చేయువారు నేటికిని ఎ.సి. 128 ను వెదకి కొనుచున్నారు.

ఇప్పుడు ఈ శ్రమ చాలవరకు తగ్గించు చిన్న పరికరమొకటి చౌకగా దొరకుచున్నది. జర్మనీదేశమున మార్కుస్ ఫ్రేయెక్ మొదలుపెట్టి, కార్ల్-హైంజ్ క్యూబ్బెలర్ విస్తరింపజేసిన పథకము దానికి మూలము. మూడు రంధ్రములలో భాగపు కాళ్ళను ఏ క్రమముననైనను దూర్చి మీట నొక్కినచో అది జాతిని, కాళ్ళ క్రమమును, విలువను తెరపై వ్రాయును. లోపల మాయ లేదు. ఒక చిన్న కంప్యూటరు చిప్పు మూడు కాళ్ళపై 680 ఓముల, 4,70,000 ఓముల రెసిస్టర్ల ద్వారా ఐదు వోల్టులను మార్చి మార్చి పెట్టి, వచ్చిన వోల్టేజిని చదువును. ఆ లోపలి తీరు తెలిసినవానికే దాని హద్దు తెలియును. ఐదు వోల్టులు చాలని జీనరును అది సాధారణ డయోడనును. మేల్కొలుపుటకు ఎక్కువ కరెంటు కావలసిన థైరిస్టరును అసలే పోల్చదు. నింపుడు గల కెపాసిటరును దూర్చినచో తానే చచ్చును. అన్నిటికంటె ముఖ్యము: అది ఐదు వోల్టులవద్ద, కొద్ది మిల్లీయాంపియర్లతో మాత్రమే అడుగును. నాలుగు వందల వోల్టులు ఓర్వవలసిన ట్రాన్సిస్టరును ఐదు వోల్టులతో అడిగి మంచిదనుట, బస్తాలు మోయవలసినవానిని చెంబు ఎత్తించి బలవంతుడనుట వంటిది.

ఈ మాట ఎంత బరువైనదో ఒక సంగతివలన తెలియును. అమెరికా సెనేటు సాయుధ బలముల సంఘము 2012 మే నెలలో ఒక నివేదిక వెలువరించెను. సైనిక పరికరముల సరఫరాలో నకిలీవని అనుమానింపదగిన ఎలెక్ట్రానిక్ భాగముల ఉదంతములు దాదాపు 1,800 దానిలో పేర్కొనబడినవి. ఆ భాగముల మొత్తము పది లక్షలకు మించినది. నౌకాదళపు హెలికాప్టరులో రాత్రివేళ చూపునిచ్చు పరికరమునందు, సరుకు విమానముల తెరలయందు అట్టివి చేరినవి. వానిలో అధికభాగమునకు మూలము చైనా దేశమనియు, ముడిసరుకు లోకమందలి దేశములు పారవేసిన బోర్డులే ననియు తేలినది. బోర్డులనుండి భాగములను ఊడదీసి, కడిగి, పై ముద్రను గీకి, నల్లపూత పూసి, క్రొత్త పేరును క్రొత్త తేదీని ముద్రించి, క్రొత్తవిగా అమ్మిరి. వీనిలో చాలవరకు పనిచేయునవే! ప్రాథమిక పరీక్షలలో నెగ్గినవి కనుకనే అంతదూరము పోగలిగినవి.

పాత భాగమును పాతదిగా చెప్పి వాడుట నేరము కాదు. పాతదానికి క్రొత్త పేరు పెట్టుటయే నేరము. అంగడిలో కొన్న భాగమును కూడ అందుచేత అనుమానింపవలెను. అసిటోనులో తడిపిన దూదితో వీపు తుడిచినచో నాసి పూత ఊడును. గట్టి పూతలు ఊడవు. ఒకే తేదీ గల భాగములలో వీపు గరుకు వేర్వేరుగా నున్నను, పోతలో పడిన గుంట పూడియున్నను, కాళ్ళపై క్రొత్త టంకపు పూత కనబడినను జాగ్రత్త పడవలెను. మాస్‌ఫెట్టు జాతి ట్రాన్సిస్టరులకు ఇంకొక ఉపాయము: గేటు కెపాసిటీని కొలిచి, డేటాషీటు చెప్పినదానితో పోల్చినప్పుడు మిక్కిలి తక్కువ వచ్చినచో, పెద్ద పేరు క్రింద చిన్న చిప్పు దాగియున్నట్లు అనుమానింపవచ్చును. మాస్‌ఫెట్టులను పట్టునప్పుడు ముందుగా భూమికి కలిసిన లోహమును ముట్టవలెను. పొడిగాలి దినములలో వ్రేలిలోని స్థిరవిద్యుత్తు గేటును చిల్లుపరచును.

ఐతే పరీక్షలో నెగ్గిన పాత భాగమును ఎచ్చట వాడవచ్చును? విద్యార్థి ప్రయోగములలో, బ్యాటరీతో నడచు రేడియోలో, తక్కువ వోల్టేజి దీపములలో నిశ్చింతగా వాడవచ్చును. అచ్చట అది చెడినచో చప్పుడు ఆగును, అంతే. 230 వోల్టుల తీగకు నేరుగా తగులు ఫ్యూజులు, ఎక్స్, వై అను గుర్తులు గల రక్షణ కెపాసిటరులు, ఛార్జరు లోపల మనుష్యునికిని మెయిన్సుకును నడుమ గోడవలె నిలుచు ట్రాన్స్‌ఫార్మర్లు, ఆప్టోకప్లర్లు మాత్రము క్రొత్తవే, తెలిసినచోట కొన్నవే వేయవలెను. వై కెపాసిటరు స్థానమున అదే విలువ గల సాధారణ కెపాసిటరు వేసినను యంత్రము చక్కగా పనిచేయును. అది ఏనాడో లోపల కలిసిపోయినచో, ఆనాడు ఛార్జరు తీగను పట్టుకొన్న పిల్లవాని చేతికి మెయిన్సు వచ్చును. బాగుచేసినవాడు అప్పటికి ఆ యంత్రమును మరచియుండును. రోగి ఊపిరిని, రక్తపోటును కొలుచు పరికరములలో, వాహనపు బ్రేకులకు సంబంధించిన వానిలో పాత భాగమును పెట్టుమని ఇంటివారు బ్రతిమాలినను పెట్టరాదు. వెలను గూర్చి వాదించువారికి ఈ సంగతినే చెప్పి యొప్పించుట పనివాని విధి.

మిగిలిన బోర్డులను కాల్చి రాగి తీయు పద్ధతి ఢిల్లీ శీలంపూరువంటి చోట్ల చాలకాలము సాగినది. ఆ పొగలో సీసము మొదలైన విషములుండును. 2022లో చేసి 2023 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన ఈ-వ్యర్థముల నిబంధనలు తయారీదారులమీద రీసైక్లింగు బాధ్యత నుంచినవి. భాగములు తీసిన బోర్డులను చెత్తకుప్పపై తగులబెట్టక, నమోదైన సేకరణ కేంద్రమునకు పంపవలెను.

చివరగా డబ్బాల అమరిక. పరీక్షించిన ప్రతి పొట్లముపై నాలుగు సంగతులు వ్రాయవలెను: ఏ యంత్రమునుండి వచ్చినది, ముద్రలో నేమున్నది, మీటరు ఏమి చూపినది, ఎన్ని వోల్టులవద్ద చూచినది. ముద్రను, కొలతను వేర్వేరు పంక్తులలో వ్రాయవలెను. రెండును కలిపి వ్రాసినచో కొన్నాళ్ళకు ఏది చదివినదో ఏది కొలిచినదో తెలియకపోవును. పేరు తేలని వానికి వేరొక డబ్బా నుంచి, దానిపై తెలియలేదు అని వ్రాయవలెను. ఊహించి పేరు పెట్టి మంచి డబ్బాలో వేసిన ఒక్క భాగము తక్కిన నూఱింటిపై నమ్మకమును చెఱచును. తెలియలేదు అను డబ్బా నిండినప్పుడు చింతింప నక్కఱలేదు. క్రొత్త డేటాషీటు దొరకిన దినమున, అదే జాతి బోర్డు మఱియొకటి తూకపు బండిలో కనబడిన దినమున, అందులోనివి ఒక్కొక్కటిగా బయటికి వచ్చును.